సమత తీర్పు ఇచ్చిందీ సుప్రీంకోర్టే, జీవో 3 కొట్టేసిందీ సుప్రీంకోర్టే: ఏజెన్సీ హక్కులకు కోర్టు కాపా, కత్తా?

పాడేరు కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:12

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులని ప్రకటించినప్పటి నుంచి మా ఏజెన్సీ గ్రూపుల్లో ఒకటే మాట. జీవో 3 ఉండుంటే మన బళ్ళల్లో పోస్టులన్నీ మనకే వచ్చేవి అని. బీఈడీ, డీఈడీ చేసి ఖాళీగా తిరుగుతున్నవాళ్ళు ఏ ఊరికెళ్ళినా కనబడతారు. ఎమ్మెల్యేని తిడుతున్నారు, మంత్రిని తిడుతున్నారు, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ముందు టెంటు వేస్తున్నారు. దాన్ని కొట్టేసింది సుప్రీంకోర్టు అన్న సంగతి సగం మందికి పట్టదు. పట్టినవాళ్ళు అడిగేది ఒకటే: 1997లో సమత తీర్పుతో మా కొండలు ప్రైవేటు గనులకు ఇవ్వొద్దన్నది ఈ కోర్టే కదా, మరి 2020కి ఏమైంది?

లాయర్లు, మాస్టార్లు ఎవరైనా ఉంటే మామూలు మాటల్లో చెప్పండి. పార్టీల గొడవ ఇక్కడ వద్దు, దానికి వేరే థ్రెడ్లు చాలా ఉన్నాయి.

లా పాయింట్ | ఆదివారం, రాత్రి 10:05

రెండు తీర్పులూ పూర్తిగా చదివాను. ముందు జీవో 3 సంగతి.

2000 జనవరి 10న వచ్చింది. గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగం ఐదో షెడ్యూల్, పేరా 5(1) కింద గవర్నరుకున్న అధికారంతో, షెడ్యూల్డ్ ఏరియా బళ్ళల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఎస్టీలకే అన్నారు. అందులో మూడో వంతు ఆడవాళ్ళకు. అంతకుముందు 1986లో జీవో 275 అని ఇలాంటిదే ఒకటి తెచ్చారు, అది ట్రిబ్యునల్లోనే పోయింది. జీవో 3ని మాత్రం 2001లో హైకోర్టు ఫుల్ బెంచ్ 2:1 మెజారిటీతో నిలబెట్టింది. అప్పీలు ఢిల్లీ వెళ్ళి దాదాపు ఇరవై ఏళ్ళు నానింది. లాక్‌డౌన్‌లో అందరం ఇళ్ళల్లో ఉన్నప్పుడు, 2020 ఏప్రిల్ 22న, జస్టిస్ అరుణ్ మిశ్రా నేతృత్వంలోని ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా కొట్టేసింది.

ఎందుకు కొట్టేశారంటే, పేరా 5(1) కింద గవర్నరు ఒక చట్టాన్ని ఏజెన్సీకి వర్తించదనొచ్చు, మార్పులతో వర్తిస్తుందనొచ్చు, అంతేగానీ సర్వీసు రూల్సుని పక్కనపెట్టి కొత్త రిజర్వేషన్ సృష్టించలేడన్నారు. ఒకవేళ సృష్టించినా ప్రాథమిక హక్కులకు లోబడాల్సిందే. నూటికి నూరు రిజర్వేషన్ అంటే మిగతావాళ్ళకి అవకాశం సున్నా, అది సమానత్వం, ఉద్యోగాల్లో సమాన అవకాశం ఇచ్చే 14, 16 అధికరణాలకు విరుద్ధం. స్థానికుల ఉద్యోగాల గురించి 371డి అధికరణం కింద ఉన్న రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం టీచరు పోస్టుకి లోకల్ అంటే జిల్లా, మండలం కాదు. 1950 జనవరి 26కి ముందు నుంచీ ఏజెన్సీలో ఉన్న కుటుంబమై ఉండాలన్న షరతు కూడా నిలబడదన్నారు.

అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని తీసెయ్యలేదు. ఇకమీదట 50 శాతం దాటబోమన్న షరతు మీద కాపాడారు. 1986 జీవో పోయాక కూడా మళ్ళీ అదే పని చేసినందుకు 5 లక్షల ఖర్చులు వేసి, ఆంధ్ర, తెలంగాణ చెరిసగం కట్టమన్నారు.

సమత గురించి రేపు రాస్తాను, కళ్ళు మూతలు పడుతున్నాయి.

రిటైర్డ్ హెచ్ఎం | ఆదివారం, రాత్రి 10:48

కోర్టు కాగితాల్లో టీచర్ల గైర్హాజరు అని ఒక్క మాట ఉంటుంది. అదెలా ఉండేదో నేను చెప్తాను, నా సర్వీసంతా ఏజెన్సీలోనే గడిచింది.

ఏకోపాధ్యాయ పాఠశాల. మాస్టారిది మైదానం. సోమవారం మొదటి బస్సు దొరక్కపోతే మధ్యాహ్నానికి దిగేవాడు. సంత రోజున పిల్లలే రారు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన సంచీ సర్దుకునేవాడు. వానాకాలం గెడ్డ పొంగితే ఆ వారం బడి లేనట్టే. రిజిస్టరులో మాత్రం అన్ని రోజులకీ ఒకే పెన్నుతో, ఒకే ఒరవడితో సంతకాలు. ఇనస్పెక్షన్‌కి ఎవరొస్తారు చెప్పండి, పది మైళ్ళు నడిచి?

ఆయన చెడ్డవాడు కాదు. భార్యాపిల్లలు కింద ఉన్నారు, మలేరియా భయం, భాష రాదు. ఒకటో తరగతి పిల్లకి ఇంట్లో వచ్చింది కువి భాష. ఒంటికి వెళ్ళాలని తెలుగులో అడగడం రాక కూర్చున్నచోటే తడిపేసుకుని, సిగ్గుపడి మర్నాటి నుంచి బడి మానేసిన పిల్లలున్నారు. జీవో 3 తర్వాత అదే ఊరి అమ్మాయో, పక్క ఊరి అబ్బాయో మాస్టారైతే ఆ ఇబ్బంది పోయింది. వాళ్ళలో ఎగ్గొట్టేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కానీ ఊళ్ళోనే కాపురం కదా, ఎగ్గొడితే పిల్లల తల్లులే ఇంటిమీదకొచ్చి అడిగేవాళ్ళు.

శబరి గట్టు | సోమవారం, ఉదయం 7:30

అందరూ ఒకవైపే రాస్తున్నారు కాబట్టి రెండోవైపు నేను చెప్తా. మాది చింతూరు వైపు. ఎస్టీలం కాదు. మా తాత ఎప్పుడొచ్చాడో ఇంట్లో కాగితం లేదు, మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే. ఏజెన్సీ భూముల చట్టం 1/70 వల్ల సొంత పేరు మీద సెంటు భూమి కొనలేం. ఉన్న ఇల్లు ఇంకో నాన్‌ట్రైబల్‌కి అమ్మలేం. మా చెల్లెలు టీచర్ ట్రైనింగ్ చేసింది. ఇంటి ఎదురుగా బడి ఉంది, పోస్టు ఖాళీగా ఉంది. తను అప్లై చెయ్యడానికి కూడా వీల్లేదన్నారు. తక్కువ మార్కులొస్తే ఏడుపు రాదు. అప్లికేషనే వద్దంటే ఎలా ఉంటుంది?

అసెంబ్లీలో మా మాట ఎవరూ ఎత్తరు, ఎందుకంటే సీటు రిజర్వుడు. గవర్నరు ఎత్తడు. ఇక మిగిలింది కోర్టే. మీకు అది కత్తిలా కనబడితే మాకు అదే కాపు.

రేలపూలు | సోమవారం, ఉదయం 8:15

శబరి గట్టు అన్నా, మీ చెల్లెలి బాధ కాదనను. మేం కోయవాళ్ళం, భద్రాచలం దగ్గర. ఒక్క లెక్క అడుగుతా. మీ చెల్లెలికి ఏజెన్సీ బళ్ళు పోతే జిల్లాలో మిగతా బళ్ళన్నీ ఉన్నయ్. మా తమ్ముడికి జీవో 3 పోయాక ఏమున్నయ్? అందరికీ ఉండే మామూలు రిజర్వేషన్ రోస్టర్. ఆంధ్రలో ఎస్టీ కోటా 6 శాతం, మా తెలంగాణలో 2022 దాకా అంతే ఉండె, తర్వాత 10 చేసిన్రు. వందకు వంద నుంచి ఆరుకో పదికో పడ్డం.

ఇంకోటి. తీర్పులో ఉద్యోగం సంగతి పక్కన పెడితే నాకు బాగా గుచ్చుకున్నది ఆ రాసిన తీరు. గిరిజనులే గిరిజనులకు చదువు చెప్పాలనుకోవడం అసహ్యకరమైన ఆలోచన అన్నట్టు రాసిన్రు. మమ్మల్ని జంతుప్రదర్శనశాలలో పెట్టినట్టు, డాన్సులు చూసి ఆనందించడానికన్నట్టు చూడొద్దని రాసి, అక్కడక్కడే మాది ఆదిమ సంస్కృతి అని, అందులో ఉండిపోకుండా పైకి తేవాలని కూడా రాసిన్రు. మా హక్కుల మీద తీర్పు రాస్తూ మా గురించి రాసిన మాటలవి. లాయర్ సార్ మొత్తం చదివానన్నరు, ఆ పేరాలు మీకెట్లనిపించినయ్?

లా పాయింట్ | సోమవారం, మధ్యాహ్నం 1:20

రేలపూలు మేడమ్, నాకూ నచ్చలేదు. ఆ మాటలు తీసేసినా తీర్పు నిలబడుతుంది. మరి ఎందుకు రాసినట్టు అనేదే నా ప్రశ్న కూడా. లంచ్ టైములో సమత సంగతి పూర్తి చేస్తాను.

అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి మండలం, బొర్రా పంచాయతీ ప్రాంతం. కాల్సైట్, మైకా లాంటి ఖనిజాల కోసం ప్రభుత్వం ప్రైవేటువాళ్ళకు లీజులు ఇచ్చింది. బిర్లా పెరిక్లేజ్ అందులో ఒకటి. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెళ్ళింది, హైకోర్టులో ఓడిపోయింది, సుప్రీంకోర్టులో 1997 జులై 11న గెలిచింది. ముగ్గురు జడ్జీల్లో జస్టిస్ కె.రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్ ఒకవైపు, జస్టిస్ పట్నాయక్ రెండోవైపు. మెజారిటీ తీర్పు రాసిన రామస్వామి గారు మన తెలుగువారే.

1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌ని 1970లో సవరించారు, అదే మనం అనే 1/70. ఏజెన్సీలో ఏ వ్యక్తీ గిరిజనేతరులకు భూమి బదలాయించకూడదని అందులో ఉంది. ఆ ‘వ్యక్తి’లో ప్రభుత్వం కూడా వస్తుందా? వస్తుంది అన్నారు మెజారిటీ జడ్జీలు. అంటే సర్కారు తన భూమినైనా సరే ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వకూడదు. ప్రభుత్వ సంస్థకో, గిరిజనుల సహకార సంఘానికో ఇవ్వొచ్చు. గనులు తవ్వితే నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి బళ్ళకి, ఆసుపత్రులకి, నీళ్ళకి శాశ్వత నిధిగా పెట్టాలన్నారు.

ఇప్పుడు అసలు మెలిక. 1/70 భూమిని నూటికి నూరు శాతం గిరిజనులకు రిజర్వు చేసినట్టే కదా? మన శబరి గట్టు గారు చెప్పినట్టు గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్ముకోలేడు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదని అతనే రుజువు చేసుకోవాలి. దాన్ని సవాలు చేస్తే 1988లో సుప్రీంకోర్టు, రామిరెడ్డి కేసులో, ఇది న్యాయమైన ఆంక్షే అని నిలబెట్టింది. తరతరాలుగా భూమి పోగొట్టుకున్న చరిత్రని ఆ తీర్పు లెక్కలోకి తీసుకుంది.

అదే షెడ్యూలు, అవే కొండలు. భూమి దగ్గర చరిత్ర చూసి సామూహిక రక్షణ సరైనదే అన్న కోర్టు, ఉద్యోగం దగ్గరకొచ్చేసరికి ఒక్కొక్క అభ్యర్థి సమానత్వం తక్కెడలో వేసి చూసింది. నా మటుకు నాకు తీర్పుల మధ్య అసలు తేడా ఇక్కడే ఉంది.

మెరిట్ మామ | సోమవారం, మధ్యాహ్నం 2:02

ఇంత వ్యాసం అక్కర్లేదు లాయర్ గారూ. భూమి పోతే మళ్ళీ రాదు. ఉద్యోగం ప్రతి డీఎస్సీకి వస్తుంది. అందుకే తేడా.

లా పాయింట్ | సోమవారం, మధ్యాహ్నం 2:09

మంచి పాయింటే. తీర్పులో ఇంత సూటిగా రాసుంటే బాగుండేది.

ఉట్నూరు గోండు | సోమవారం, సాయంత్రం 6:40

అందరూ జీవో 3 పోయిందని ఏడుస్తున్నరు గానీ, ఉన్నప్పుడు మాకేమొచ్చింది? ఆదిలాబాద్‌ల అడుగున్రి. లంబాడా సోదరులను తెలంగాణల 1976ల ఎస్టీ జాబితాల కలిపిన్రు. వాళ్ళకు రోడ్డు దగ్గర, చదువు దగ్గర. పోస్టులు ఎక్కువ అటే పోయినయ్ అని మా గోండు, కొలాం, పర్ధాన్ గూడేలల్ల అందరంటరు. 1950కి ముందు నుంచి ఏజెన్సీల ఉన్నోళ్ళే అన్న షరతు అందుకే పెట్టిన్రు. దాన్ని గూడ కోర్టు తీసేసింది.

కోర్టే ఇంకో మాట గూడ అన్నది. ఎస్టీలల్ల పైకొచ్చినోళ్ళు కిందోళ్ళకు దక్కనిస్తలేరు, జాబితాలు మళ్ళ చూడాలె అని. ఆ ఒక్క మాట మాకు నచ్చింది. నిజం చెప్తే కోపమొస్తదేమో.

సేవాలాల్ బాట | సోమవారం, సాయంత్రం 7:15

ఉట్నూరు అన్నా, మా తండాల్లో కరెంటు ఎప్పుడొచ్చిందో తెలుసా మీకు? రోడ్డు దగ్గర అని తేలిగ్గా అనేశారు. జాబితాలో చేర్చింది పార్లమెంటు, మేం దొంగదారిన రాలేదు. కోర్టు విడగొట్టి మాట్లాడితే మీకు సంబరం. రేపు అదే మాట పట్టుకుని అందరికీ క్రీమీలేయర్, అంటే పైకొచ్చినవాళ్ళకి రిజర్వేషన్ లేదంటే అప్పుడు తెలుస్తుంది.

నిర్వాహకుడు | సోమవారం, సాయంత్రం 7:31

లంబాడా, ఆదివాసీ జాబితా వివాదానికి వేరే థ్రెడ్ ఉంది. ఇక్కడ కోర్టు పాత్ర వరకే ఉంచుదాం. ఇద్దరూ పద్ధతిగానే రాశారు కాబట్టి ఏమీ తొలగించట్లేదు.

పాత గెజిట్ | సోమవారం, రాత్రి 9:00

కోర్టు ఒకప్పుడు మంచిది, ఇప్పుడు చెడిపోయింది అనుకుంటే పొరపాటు. ప్రాథమిక హక్కుల పేరు చెప్పి బలహీనుల మీద వేటు వెయ్యడం రాజ్యాంగం వచ్చిన మర్నాటి నుంచే ఉంది. 1951లో కులాలవారీగా కాలేజీ సీట్లు పంచిన మద్రాసు కమ్యూనల్ జీవోని కొట్టేశారు, అప్పటికి మన కోస్తా, సీమ కూడా మద్రాసు రాష్ట్రమే. దాని దెబ్బకే మొదటి రాజ్యాంగ సవరణ, వెనకబడినవాళ్ళకి ప్రత్యేక ఏర్పాట్లు చెయ్యొచ్చనే 15(4). 1967లో గోలక్‌నాథ్ కేసు. మన రాజమండ్రివాడు కోకా సుబ్బారావు చీఫ్ జస్టిస్, 6:5 తీర్పు, ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు ముట్టుకోరాదన్నాడు. వినడానికి ఎంత గొప్పగా ఉంది! కేసు వేసింది ఎవరు? పంజాబులో 500 ఎకరాలు దాటిన ఆసామీలు, భూసంస్కరణల మీద. ఆయన తర్వాత పదవి వదిలేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికల్లో జాకీర్ హుస్సేన్ మీద పోటీచేసి ఓడిపోయారు, అది వేరే కథ.

సరే, దానికి పూర్తి ఎదురు 1976. ఎమర్జెన్సీలో జైల్లో పెట్టినవాళ్ళకి కోర్టు తలుపు తట్టే హక్కు కూడా లేదని 4:1తో చెప్పారు. కాదన్నది జస్టిస్ ఖన్నా ఒక్కరే. దాన్ని తప్పని ఒప్పుకోవడానికి కోర్టుకి 2017 దాకా పట్టింది. ఆస్తి ఉన్నవాడి హక్కు దగ్గర సింహం, జైల్లో ఉన్నవాడి హక్కు దగ్గర పిల్లి.

మెరిట్ మామ | సోమవారం, రాత్రి 9:20

మరి ఆధార్ కేసులో ప్రైవసీ హక్కు ఇచ్చింది ఎవరు, మా తాతా? కావలసినవి ఏరుకుని రాస్తే ఎలా.

పాత గెజిట్ | సోమవారం, రాత్రి 9:26

ఇచ్చింది. ప్రైవసీ హక్కు ఉందని 2017లో తొమ్మిదిమంది చెప్పారు. 1976 తీర్పు పోయింది కూడా అందులోనే. మరుసటి ఏడాదే, అంటే 2018లో, ఆధార్‌ని చాలా వరకు ఉండనిచ్చారు. ఏరుకోవడం ఎవరిదంటావు?

కాఫీ తోట | మంగళవారం, ఉదయం 6:10

మాది అనంతగిరి మండలమే. సమత తీర్పు గురించి బయటివాళ్ళు ఎంత గొప్పగా చెప్పుకుంటారో మాకు తెలుసు. మా దగ్గరకొచ్చే రీసెర్చి స్కాలర్లు చెప్తుంటారు. తీర్పు వచ్చినప్పుడు గెలిచామని డప్పులు కొట్టారని మా అయ్య అంటాడు. గెలిచింది నిజమే. ప్రైవేటు లీజులు ఆగాయి.

ఆ తర్వాత ఏమైంది? ప్రభుత్వ సంస్థకి ఇవ్వొచ్చు అన్న వాక్యం ఉంది చూశారూ, అందులోంచి ఏనుగు దూరింది. 2005 నుంచీ బాక్సైట్‌కి అదే ఎత్తు. తవ్వేది ఏపీఎండీసీ, అంటే సర్కారు గనుల కంపెనీ. తవ్విన మట్టి వెళ్ళేది మైదానంలో కట్టబోయే ప్రైవేటు అల్యూమినా ఫ్యాక్టరీకి. ఒకటి ఎస్.కోట వైపు జిందాల్‌ది, ఒకటి మాకవరపాలెంలో అన్‌రాక్‌ది. చట్టం ప్రకారం చూస్తే గనిలో ప్రైవేటువాడు లేడు! 2015లో చింతపల్లి వైపు అడవిని ఏపీఎండీసీకి ఇస్తూ జీవో 97 తెచ్చారు. ఏజెన్సీ అంతా లేచింది. 2019లో ఆ జీవో రద్దయింది. రద్దు చేయించింది కోర్టు కాదు, జనం రోడ్ల మీద కూర్చోడం. ఓట్ల భయం.

20 శాతం నిధి కూడా తీర్పులో చదివిందే, మా ఊరికి దాని తాలూకు బోర్డు కూడా నేను చూళ్ళేదు.

లా పాయింట్ | మంగళవారం, ఉదయం 9:45

కాఫీ తోట గారి పోస్టుకి ఒక అనుబంధం. సమత తీర్పుని సవరించమని కేంద్రం, రాష్ట్రం రెండూ మళ్ళీ కోర్టుకెళ్ళాయి, ఒప్పుకోలేదు. అప్పుడు కేంద్ర గనుల శాఖ 2000లో ఏకంగా ఐదో షెడ్యూల్‌నే సవరించాలని నోట్ తయారుచేసింది. గొడవ కావడంతో ఆగింది. కానీ 2001 డిసెంబరులో, ప్రభుత్వ అల్యూమినియం కంపెనీ బాల్కోని ప్రైవేటుకి అమ్మిన కేసులో సుప్రీంకోర్టే, సమత మెజారిటీ తీర్పు సరైనదేనా అని మాకు గట్టి సందేహాలున్నాయి అని రాసింది. ఛత్తీస్‌గఢ్‌లో చట్టం వేరు, సమత ఇక్కడ వర్తించదంది. తీర్పుని కొట్టెయ్యలేదు. పక్కన పెట్టి దుమ్ము పట్టనిచ్చింది. ఇప్పుడు సమత ఆంధ్రా, తెలంగాణ దాటితే పెద్దగా పనికిరాదు.

అదే జీవో 3 తీర్పు చూడండి. 2022 ఆగస్టులో జార్ఖండ్‌లో 13 షెడ్యూల్డ్ జిల్లాల్లో టీచరు పోస్టులు స్థానికులకే అన్న నోటిఫికేషన్‌ని దాని ఆధారంగానే కొట్టేశారు. రక్షించే తీర్పు రెండు రాష్ట్రాల్లో ఆగిపోయింది, తీసేసే తీర్పు దేశమంతా తిరిగింది.

రేలపూలు | మంగళవారం, ఉదయం 10:30

అడవిల పోడు సాగు సంగతి మర్చిపోయిన్రు. 2019 ఫిబ్రవరి 13న, పట్టా అర్జీ తిరస్కరించినోళ్ళందరినీ అడవిలోంచి వెళ్ళగొట్టమని ఆర్డర్ వచ్చింది. దేశం మొత్తమ్మీద పది లక్షలకు పైన కుటుంబాల అర్జీలు. ఆ బెంచిల పెద్ద జడ్జి కూడా జస్టిస్ అరుణ్ మిశ్రానే. మా ఊళ్ళె ఆ పదిహేను రోజులు నిద్రలు లేవు. ఫారెస్టోళ్ళు అంతకుముందే ట్రెంచులు తవ్వుతున్నరు, ఇంక ఆర్డర్ చేతికొస్తే? ఫిబ్రవరి 28న మళ్ళ వాళ్ళే ఆపిన్రు, అసలు అర్జీలు సరిగ్గా విచారించిన్రా లేదా చెప్పమని రాష్ట్రాలని అడిగిన్రు. ఆ మాట ముందే అడగొచ్చు కదా సార్? మొదటి ఆర్డర్ వచ్చేనాడు కేంద్రం వకీలు గట్టిగా వాదించలేదని పేపర్లల్ల వచ్చింది.

పాడేరు కుర్రాడు | మంగళవారం, ఉదయం 11:02

మరి ఒడిశా నియమగిరి కొండలు? 2013లో గ్రామసభలని అడగండి అని చెప్పింది కూడా సుప్రీంకోర్టే. పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి, వేదాంత గని ఆగిపోయింది. మా బాక్సైట్ సభల్లో దాని గురించే పాటలు కట్టారు.

కాఫీ తోట | మంగళవారం, ఉదయం 11:15

అందులో కోర్టు తాను తేల్చలేదు తమ్ముడూ, ఊళ్ళనే తేల్చుకోమంది. అందుకే బాగుంది ఆ తీర్పు.

మెరిట్ మామ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

సరే, అందరూ కోర్టుని తిట్టారు కాబట్టి ఒక్క ప్రశ్న. 50 శాతం గీత కొత్తగా గీసింది కాదు. బీసీ రిజర్వేషన్ల మీద 1992 మండల్ తీర్పు, తొమ్మిదిమంది జడ్జీలు. ఐదుగురు దాన్ని దాటగలరా? ఆ జడ్జీలు చేసిన నేరమేంటి?

లా పాయింట్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేరం అని ఎవరూ అనలేదు. ఆ మండల్ తీర్పులోనే ఒక తలుపు తీసి ఉంచారు. ఈ దేశం చాలా వైవిధ్యం ఉన్నది, మారుమూల ప్రాంతాల్లో ప్రధాన స్రవంతికి దూరంగా ఉన్నవాళ్ళ విషయంలో గీత కాస్త సడలించాల్సి రావొచ్చు, చాలా జాగ్రత్తగా చెయ్యాలి అని. మారుమూల ఏజెన్సీకి ఇంతకంటే సరిపోయే వాక్యం ఏముంటుంది? 2020 ధర్మాసనం ఆ వాక్యం చూసింది. ఇక్కడ అంత అసాధారణ పరిస్థితి ఉందని చూపించలేదంది. ప్రభుత్వాలు లెక్కలు సరిగ్గా పెట్టలేదన్నది కూడా నిజం. ఎన్ని బళ్ళు, ఎన్నాళ్ళు మాస్టారు లేకుండా ఉన్నాయి, డ్రాపవుట్ ఎంత, జీవో తర్వాత ఎంత తగ్గింది. ఇరవై ఏళ్ళు అప్పీలు పెండింగ్‌లో ఉంటే ఈ లెక్కలు తియ్యడానికి టైము లేకపోయిందా?

ఇక 2022 నవంబరు 7 చూడండి. ఈడబ్ల్యూఎస్ 10 శాతం కేసు, 3:2. అక్కడ 50 శాతం గీత మరీ అంత బిగుసుకున్నది కాదు అన్నారు. అగ్రవర్ణ పేదల దగ్గర సాగిన గీత ఏజెన్సీ దగ్గర ఎందుకు సాగలేదు? అది రాజ్యాంగ సవరణ, ఇది గవర్నరు నోటిఫికేషన్, తేడా ఉంది. ఉన్నా అడగాల్సిన ప్రశ్నే.

మెరిట్ మామ | మంగళవారం, మధ్యాహ్నం 1:44

ఈడబ్ల్యూఎస్ మీద నాకూ డౌటే. దాని జోలికి వెళ్ళను.

శబరి గట్టు | మంగళవారం, సాయంత్రం 5:50

మీరందరూ హక్కు, సామూహికం, చరిత్ర అంటున్నారు. 1/70 కేసు వస్తే ఏమవుతుందో చెప్తా. వెళ్ళాల్సింది సివిల్ కోర్టుకి కాదు, స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గరికి. అప్పీలు కలెక్టరుకి, ఏజెంటు హోదాలో. ఆపైన ప్రభుత్వానికి రివిజన్. మొత్తం వాళ్ళ చేతుల్లోనే. హైకోర్టు రిట్ వేసేదాకా అసలు జడ్జి అనేవాడి మొహమే చూడం. అందుకే మాకు పెద్ద కోర్టంటే అంత ఆశ.

కాఫీ తోట | మంగళవారం, సాయంత్రం 6:25

ఆ ఎస్‌డీసీ కోర్టు దగ్గర మా వాళ్ళ పరిస్థితి కూడా అంతే అన్నా. మాకు అనుకూలంగా ఆర్డరొచ్చినా భూమి మీదకి వెళ్ళి అప్పగించేవాడు ఉండడు. వీఆర్వో ఈరోజు బందోబస్తు లేదంటాడు, రేపు సర్వేయరు లేడంటాడు. ఈలోపు అవతలివాడు హైకోర్టులో స్టే తెచ్చుకుంటాడు. టూరిజం పేరుతో అరకు రోడ్డు పొడుగునా లేచిన రిసార్టులు ఎవరి పేర్ల మీద ఉన్నాయో, వెనకాల డబ్బు ఎవరిదో చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు.

రిటైర్డ్ హెచ్ఎం | మంగళవారం, రాత్రి 8:40

కుర్రాళ్ళకి పనికొచ్చే మాట ఒకటి మాట్లాడుకుందాం. జీవో 3ని యథాతథంగా వెనక్కి తెమ్మంటే ఏ ప్రభుత్వమైనా హామీ ఇస్తుంది, తేలేదు. మళ్ళీ తెచ్చినా నెల తిరక్కుండా స్టే వస్తుంది. నాకు తోచేది భాష. 2004 ప్రాంతంలో మన రాష్ట్రంలోనే ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతులకి వాచకాలు తయారుచేశారు. కువి, కోయ, సవర, గోండి, కొలామి, ఇలా. తర్వాత దాన్ని గాలికొదిలేశారు. ఒకటి నుంచి మూడో తరగతి దాకా చెప్పే మాస్టారుకి ఆ ఊరి పిల్లల భాష వచ్చి తీరాలని అర్హతల్లోనే పెడితే?

లా పాయింట్ | మంగళవారం, రాత్రి 9:10

హెచ్ఎం గారు చెప్పినది చట్టపరంగా బలమైన దారి అని నా అభిప్రాయం. అర్హత వేరు, రిజర్వేషన్ వేరు. ఉర్దూ మీడియం బడికి ఉర్దూ వచ్చినవాణ్ణి తీసుకుంటే ఎవరూ 16వ అధికరణం ఎత్తరు. జీవో తీర్పు కూడా 50 శాతం దాకా ఇవ్వొచ్చనే అంది, అదైనా ఇప్పుడు ఇవ్వట్లేదు. 50 శాతం ప్లస్ భాషా అర్హత, సర్వీసు రూల్సులోనే, లెక్కలతో సహా. గిరిజన సలహా మండలి, అదే ట్రైబ్స్ అడ్వైజరీ కౌన్సిల్‌లో ముందు తీర్మానం చేయించండి. పేరా 5(2) కింద రెగ్యులేషన్‌గా తెచ్చి రాష్ట్రపతి ఆమోదం తీసుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది.

పాడేరు కుర్రాడు | మంగళవారం, రాత్రి 9:32

సార్, బాగానే ఉంది కానీ కువి పరీక్ష ఎవరు పెడతారు? పేపరు ఎవరు దిద్దుతారు? మళ్ళీ యూనివర్సిటీ నుంచి ఎవరో ఒక ప్రొఫెసర్ గారు వస్తారు, పుస్తకం చూసి నేర్చుకున్న కువితో మా అమ్మని ఇంటర్వ్యూ చేస్తారు.

రిటైర్డ్ హెచ్ఎం | మంగళవారం, రాత్రి 9:41

రాత పరీక్షెందుకు? ఊళ్ళో తల్లుల ముందు, పిల్లల ముందు అరగంట పాఠం చెప్పమనండి. పాస్, ఫెయిల్ వాళ్ళే చెప్తారు.

మెరిట్ మామ | మంగళవారం, రాత్రి 9:50

తల్లులు పాస్ చేసేది తమ ఊరివాణ్ణే కదా. కోర్టు ఇది కూడా కొట్టేస్తుంది చూడండి.

శబరి గట్టు | మంగళవారం, రాత్రి 10:04

ఆగండి. నేను, మా చెల్లెలు కోయలో పోట్లాడుకుంటూ పెరిగాం. సంతలో మా నాన్న బేరమంతా కోయలోనే. భాషే అర్హత అయితే మా చెల్లెల్ని కూడా రానిస్తారా? లేక అప్పుడు ఇంకేదో అడ్డం వస్తుందా? రేలపూలు చెల్లీ, నువ్వే చెప్పు.

రేలపూలు | మంగళవారం, రాత్రి 10:20

కోయల పోట్లాడే మనిషైతే ఒకటో తరగతికి బాగా పనికొస్తది అన్నా. నాకు అభ్యంతరం లేదు. 50 శాతం మాది మాకు ముందు తీసి పెట్టినంక మిగతా సగంల తను రాయనీ. గానీ ఒక్కటి, వేసవిల మీ ఊరి బడికి రమ్మను, మా పిల్లల ముందు పాఠం చెప్పమను. నేనూ వస్తా వినడానికి.

శబరి గట్టు | మంగళవారం, రాత్రి 10:26

సగం సంగతి మీద ఇంకా మాట్లాడుకోవాలి. పాఠానికి మాత్రం తను రెడీ, ఇప్పుడే అడిగా.